రాజవ్వ మోసిన నా జబ్బు

నవ్వు నాలుగు విధాల చేటు అని మా నాయనమ్మ మాటిమాటికీ అనేది. ఆడపిల్లలు పళ్లు బయటపెట్టి నవ్వకూడదని చెప్పడానికి ఆమె ఆ మాట వాడేది గానీ, అది నా ఒంటి మీదే రుజువవుతుందని ఇద్దరం అనుకోలేదు. నా జబ్బు మొదటిసారి బయటపడింది నేను కడుపారా నవ్వుతుండగానే.

అప్పుడు నాకు ముప్పై ఆరేళ్లు. హనుమకొండలో కాపురం. మా ఆయనకు వరంగల్ మార్కెట్ దగ్గర గోనెసంచులూ సుతిలీ తాడూ అమ్మే దుకాణం ఉంది. పిల్లలు ముగ్గురూ బడికి, ఆయన అన్నం తిని మళ్లీ దుకాణానికి వెళ్లాక రెండింటి నుంచి నాలుగింటి దాకా మా వాడకట్టు ఆడవాళ్లం ఆరుగురం విమల ఇంటి ముందుగదిలో చేరేవాళ్లం. అద్దె లైబ్రరీ నుంచి తెచ్చిన నవల చదువుకునేవాళ్లం. చదివేది నేను. మిగతావాళ్లు బియ్యంలో రాళ్లేరుతూ, చింతపండులో గింజలు తీస్తూ వినేవాళ్లు. నేను పదో తరగతి దాకా చదివాను, గొంతు పెద్దది, దానికి తోడు ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టి చదివే పిచ్చి ఒకటుంది నాకు. పుస్తకంలో మాట ఎవరికైనా అర్థం కాకపోతే అక్కడికక్కడే మన మాటలోకి మార్చి చెప్పేదాన్ని.

మాకొక కట్టుబాటు ఉండేది. పుస్తకం విమల ఇంట్లో కందిపప్పు డబ్బా మీద ఉంటుంది, ఎవరూ ముందు పేజీలు తిప్పి చూడకూడదు. ఆరుగురిలో ఒక్కరు రాకపోయినా ఆ రోజు చదువు బంద్. ఎదురింటి భారతి చెల్లెలి పెళ్లికని డోర్నకల్ పోతే పది రోజులు నోరు కట్టుకుని ఆగాం. "ఏంది తల్లీ, పుస్తకాన్ని పచ్చడి పెడ్తాండ్రా?" అని లైబ్రరీ ఆయన అడిగేవాడు.

నా ఎడమపక్క చోటు రాజవ్వది. రాజవ్వ అంటే విమల అత్తగారు, అరవై దాటిన మనిషి. ఎడమ చెవి వినపడదు. అందుకని కుడి చెవి నా నోటి దగ్గరికి వచ్చేట్టు గోడకానుకుని కూర్చునేది. అక్షరం ముక్క రాదు గానీ మా అందరిలోకీ కథ పిచ్చి ఎక్కువ ఆమెకే. రెండు కాకముందే చాప పరిచి కూర్చుని, "సులోచన ఇంక రాకపాయె" అని కోడలి ప్రాణం తీసేదట.

మేమప్పుడు చదువుతున్నది పాత ఓరుగల్లు కాలపు కథ. ముగ్గురు అక్కచెల్లెళ్లు. తండ్రి పోయాక అత్తరు వ్యాపారం వాళ్లే నడుపుతారు. బండ్లు కట్టుకుని రేవుకు పోయి సరుకు బేరమాడి తెస్తారు. మాకు మొగుళ్లు అక్కర్లేదని ఒట్టు పెట్టుకుంటారు. పెద్దామె మీద మనసుపడ్డ దళనాయకుడొకడు వంటవాడి వేషంలో ఆ ఇంట్లో చేరతాడు. కత్తి తిప్పడం తప్ప వాడికి ఏమీ రాదు. ఆ మధ్యాహ్నం చదివిన ఘట్టంలో వడ్లు దంచమంటే రోకలి తీసి తన కాలి మీదే వేసుకుంటాడు. పెద్దామె వచ్చి, వాడి గుట్టు తనకు ఎప్పుడో తెలిసినట్టు, "యుద్ధంలో కూడా శత్రువును వదిలిపెట్టి ఇట్లాగే నీ కాలే పొడుచుకుంటావా నాయకా?" అంటుంది.

నేను ఆ దళనాయకుడి గొంతు పెట్టి "అమ్మో నా కాలు" అని అరిచాను. భారతి పక్కకు పడిపోయింది. రాజవ్వ తొడలు చరుచుకుంటూ, "గిసొంటి మొగోడు మా ఇంట్ల ఒకడుండె, నా పెనిమిటి" అన్నది. దాంతో నాకు నవ్వు ఇంకా తన్నుకొచ్చింది. ఆ నవ్వులో కింద ఏదో వదులైనట్టయింది. వెచ్చగా తడి. ఆపుదామంటే ఆగలేదు. నవ్వు ఆగింది గానీ అది ఆగలేదు.

నేను లేవలేదు. రెండు పేజీలు ఏం చదివానో తెలియకుండా చదివాను. నా చీర ముదురు నేరేడు రంగుది, తడి కనపడదు. ఆ ధైర్యంతో కొంగు నడుం చుట్టూ దోపి, "పొయ్యి మీద పాలున్నయే" అని లేచాను. అప్పుడే భారతి చాప మడవబోయి, "అయ్యో, గిదేంది తడి?" అన్నది.

అందరూ చూశారు. చాప మీద నేనూ రాజవ్వా కూర్చున్న చోట తడి ఉంది. అందరి కళ్లూ రాజవ్వ మీదికే పోయాయి. నా వైపు ఒక్కరూ చూడలేదు. విమల ముఖం ఎర్రబడింది.

"అత్తా, జర ముందుగాల చెప్తే లేపుతుంటి గదా! పదిమంది కూసున్నకాడ గిదేం పని?"

రాజవ్వ చాప వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. గడప దగ్గర నిలబడ్డ నా చెయ్యి వణుకుతోంది. ఆమె కళ్లు దించుకుని, "ముసల్దాన్నైన బిడ్డా, తెల్వలే" అన్నది.

రాజవ్వ చీర పొడిగా ఉంది. వంగి ముట్టుకుంటే తెలిసిపోయేది. ఎవరూ ముట్టుకోలేదు. నేను తేలు కుట్టిన దొంగలాగ నోరు మూసుకుని ఇంటికొచ్చాను. బావి దగ్గర నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాను. ఈ సంగతి రాస్తుంటే ఇప్పటికీ నాకు చెవులు కాలుతున్నాయి.

మర్నాడు పోయేసరికి నా ఎడమపక్క ఖాళీగా ఉంది. "అవ్వ ఏది?" అని భారతి అడిగితే, "వద్దన్న. పండుకున్నది" అన్నది విమల. కట్టుబాటు ప్రకారం ఆ రోజు చదువు బంద్ కావాలి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఆమెకు ఎట్లైనా సగం వినపడదాయె, చదువు అక్కా" అన్నారెవరో. నేను చదివాను.

రాజవ్వ అప్పటికింకా వెనక గదిలోనే ఉండేది. నేను గొంతు పెంచి చదివితే కుడి చెవితో కొంతైనా వినేదేమో. కానీ గొంతు పెంచితే నాకు మళ్లీ తడి అయ్యేది. అందుకని ఇంకా తగ్గించి చదివాను.

నాకు ఒంట్లో వేడి చేసిందని నేను అనుకున్నాను. వేడికి బార్లీ నీళ్లు మంచివి కదా, రోజూ రెండు చెంబులు తాగాను. తాగినదంతా ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది. తర్వాత తెలివి తెచ్చుకుని నీళ్లే మానేశాను. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు. పాత లుంగీలు చింపి మడతలు పెట్టుకునేదాన్ని. దగ్గు వస్తే కాళ్లు మెలిపెట్టి నిలబడేదాన్ని. బోరింగు దగ్గర బిందె ఎత్తితే కింద ఏదో ముద్దలాగ బయటికి వచ్చి తగిలేది, పడుకుంటే లోపలికి పోయేది. మూడో కాన్పు తర్వాతనే అది అప్పుడప్పుడు తగిలేది. ఆడపుట్టుక అంటే ఇంతే కాబోలు అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

అన్నిటికంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను. నవలలో నవ్వొచ్చే చోట్లు వదిలేసి చదవడం మొదలుపెట్టాను. పొద్దున్నే పాల నెపం పెట్టి విమల ఇంటికి పోయి, పప్పు డబ్బా మీది పుస్తకం తిప్పి నవ్వులెక్కడున్నాయో చూసుకునేదాన్ని. మధ్యాహ్నం అవి రాగానే దూకేసేదాన్ని. పాపం దళనాయకుడు ముద్దపప్పు మాడ్చిందీ, చిన్న చెల్లెలు వాడితో పేడకళ్లు ఎత్తించిందీ మావాళ్లకు చేరనే లేదు. "ఏందే అక్కా, మొదట్ల గంత మంచిగుండె, ఇప్పుడు ఉప్పు లేని పప్పు తీరుగైంది. గీ రాసినామెకు ఏమన్న జరమొచ్చిందా?" అన్నది భారతి. వచ్చింది చదివేదానికి అని నేను చెప్పలేదు.

ఒక రోజు మా ఆయన అన్నం తింటూ, "విమలోళ్లాయన దుకాన్ల నుంచి రెండు గోనెసంచులు పట్కపోయిండు. అవ్వ కింద పరిచెతందుకట. పాపం, ముసల్ది పక్క తడుపుతాందట" అన్నాడు. అప్పుడన్నా చెప్పాల్సింది. మా దుకాణం నుంచి పోయిన సంచి మీద రాజవ్వ పడుకుంటుంటే, నేను ఇంట్లో పత్తి పరుపు మీద పడుకున్నాను. ఒకసారి కాదు, ప్రతిరోజూ.

రెండు నెలలకు చలిజ్వరం పట్టుకుంది. మూత్రం పోస్తే మంట, నడుం విరిగిపోయే నొప్పి. మా ఆయన రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. ఓపీలో డాక్టరమ్మ యూరిన్ టెస్ట్ రాసింది. చీటీ చూసి, "పస్ సెల్స్ చాలా ఉన్నాయి. ఇన్‌ఫెక్షన్. నీళ్లు సరిగ్గా తాగుతున్నావా?" అని అడిగింది.

"తాగుతాన."

"దగ్గినప్పుడు, నవ్వినప్పుడు యూరిన్ పడుతుందా?"

"లేదమ్మా. నాకేం లేదు."

ఆమె కలం కింద పెట్టి మా ఆయన్ను బయట కూర్చోమన్నది. తలుపు వేసి వచ్చింది. "నేనడిగేది దొంగతనం గురించి కాదమ్మా. పడుతుందా, పడదా?"

దొంగతనం అన్న మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నేను జబ్బుకు భయపడి ఏడుస్తున్నానని అనుకుంది. బల్ల మీద పడుకోబెట్టి, దగ్గమని చూసింది. పక్కనున్న చిన్న డాక్టరుతో, "సెకండ్ డిగ్రీ ప్రొలాప్స్, సిస్టోసీల్ కూడా ఉంది" అని, నాతో మెల్లగా చెప్పింది. గర్భసంచి కిందికి జారింది. మూత్రపు సంచి కూడా దాంతోపాటు దిగింది. వేడి కాదు, పాపం కాదు, ముసలితనం అంతకన్నా కాదు. కాన్పులో పట్టు వదులైన కండరాల మీద బరువులు మోస్తే వచ్చేది. మూడో కాన్పు ఎక్కడైందని అడిగింది. ఇంట్లోనే, రెండు రోజుల నొప్పులు. బిందె ఎన్నోరోజు ఎత్తావని అడిగింది. తొమ్మిదోరోజు.

"బాలింత చెవుల్లో దూది పెట్టమని చెప్పడానికి వాడంతా వస్తారు. చేతిలో బిందె అందుకోవడానికి ఒక్కరు రారు" అని ఆమె కసిరింది. నన్ను కాదు, వాడకట్టు మొత్తాన్ని కసిరినట్టుంది.

రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిది కూడా లేదు. ఇట్లా ఆపరేషన్ చెయ్యలేం, ముందు రక్తం పట్టాలి, అందాకా రింగ్ పెస్సరీ పెడతానన్నది. రబ్బరు గాజు లాంటిది, లోపల పెడితే గర్భసంచిని దిగకుండా ఆపుతుంది. "నెలకోసారి వచ్చి తీయించి కడిగించుకోవాలి. మర్చిపోతే పుండవుతుంది" అని రెండుసార్లు చెప్పింది.

మా ఆయనకు ఆ సాయంత్రం చెప్పాను. ఆయన చేతిలో సుతిలి ముక్క ఉంటే దాన్ని వేలికి చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు.

"గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె మీకు?"

సుతిలి విప్పి పక్కన పెట్టి, "నేను రోజుకు యాభై సంచుల కట్టలు దించుతాన. బరువంటె ఏందో నాకు తెల్వదా? నీ బిందెలు మాత్రం ఏనాడు కండ్లవడలే" అన్నాడు. మర్నాటి నుంచి తెల్లవారుజామునే బోరింగు కొట్టి నీళ్లు తెచ్చిపెట్టేవాడు. మొగోడు బిందె మోస్తే నలుగురు నవ్వుతారని ఆయన సిగ్గు ఆయనది. ఆయనకు అన్నీ చెప్పాను గానీ, చాప సంగతి మాత్రం చెప్పలేదు.

నాకు జ్వరమని తెలియగానే చదువు ఆపేశారు. పుస్తకం లైబ్రరీకి వాపసిచ్చి, "అక్క లేచినంక మల్ల తెచ్చుకుందాం" అన్నారట. నా కోసం ఆగారు. రాజవ్వ కోసం ఒక్కపూట ఆగలేదు.

రింగ్ పెట్టాక ప్రాణం తేలికపడింది. నడవగలిగాను, దగ్గగలిగాను. విమల గడప మాత్రం తొక్కలేదు. మొదటి నెల పోయి కడిగించుకున్నాను. రెండో నెల ఓపీ వరసలో మా బంధువులావిడ కనపడింది. "నీకేమైంది సులోచనా, గిక్కడున్నవేంది?" అంటే, "పక్కింటామెకు తోడొచ్చిన" అని చెప్పి వరస లోంచి బయటికి వచ్చేశాను. మళ్లీ మూడు నెలల దాకా పోలేదు. అంత జరిగాక కూడా నాకు బుద్ధి రాలేదు. దుర్వాసన మొదలైంది, తర్వాత నెత్తురు మరక. రింగ్ ఒరుసుకుని లోపల పుండు పడింది. డాక్టరమ్మ ఏమీ తిట్టలేదు. "సిగ్గుపడి రాలేదు కదూ?" అని మాత్రం అడిగింది. తిడితే బాగుండేది.

పుండు మానడానికి మందు పెట్టిన గాజుగుడ్డలు, ఐరన్ ఇంజెక్షన్లు, పొద్దుకో కట్ట తోటకూర. ఎండాకాలం నడిమిట్లో ఆపరేషన్ చేశారు. వెన్నులో సూది ఇచ్చి, కింది నుంచే గర్భసంచి తీసి, మూత్రపు సంచిని పైకి కుట్టారు. నడుం కింద నా ఒళ్లు నాది కానట్టుంది, చెవులకు మాత్రం కత్తెరల చప్పుడు వినపడుతూనే ఉంది.

ఐదోరోజు మూత్రానికి పెట్టిన గొట్టం, క్యాథెటర్, తీశారు. అన్నాళ్లూ ఆగమంటే ఆగని మూత్రం, ఇప్పుడు రమ్మంటే రాలేదు. పొట్ట రాయిలా అయింది. నర్సమ్మ కుళాయి విప్పి ఆ చప్పుడు వినమన్నది. మా ఆయన గోడ వైపు తిరిగి దేవుళ్లందరికీ మొక్కాడు. రాలేదు. మళ్లీ గొట్టం పెట్టి ఇంకో వారం ఉంచారు. రెండోసారి తీసినప్పుడు చుక్క చుక్కగా వస్తే, మా ఆయన వార్డంతా చెప్పి వచ్చాడు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

"మూడు నెలలు బరువు ముట్టకూడదు. బకెట్ కూడా" అని డాక్టరమ్మ చెప్పి పంపింది. మూత్రం మధ్యలో ఆపినట్టు కండరం బిగబట్టి పది అంకెలు లెక్కపెట్టి వదలడం, రోజుకు ఎన్నోసార్లు, అది నేర్పింది. ఐదోవారంలో బాగానే ఉన్నాననిపించి పిల్లల బట్టలు నానబెట్టిన బకెట్ ఎత్తాను. సాయంత్రానికి ఎర్రగా కనపడింది. మళ్లీ దవాఖాన, మళ్లీ నాలుగు రోజులు. ఒక కుట్టు వదిలిందన్నారు. దేవుడి దయవల్ల మిగతావి నిలబడ్డాయి.

ఆ తర్వాత మంచం దిగకుండా పడుకున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం రాజవ్వ వచ్చింది. దాదాపు పది నెలల తర్వాత ఆమెను దగ్గరగా చూడడం అదే. సన్నబడింది. కొంగులో రెండు జామపండ్లు కట్టుకొచ్చి నా తల దగ్గర పెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"అవ్వా, మీద కూసోరాదు?"

"వద్దు బిడ్డా, గీడనే మంచిగుంది. నేను పరుపుల మీద కూసుంటలేను."

నాకు ఇంక ఆగలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అవ్వా, ఆ దినం చాప మీద..."

"తెల్సు" అన్నది. "నా కింద పొడిగుంటే నాకు తెల్వదా? నీ చెయ్యి గజగజ వణికె."

"మరెందుకు చెప్పలే అవ్వా?"

"చెప్తే నువ్వు మల్ల ఆ గడప తొక్కుతుంటివా? నువ్వు రాకుంటే కథ చదివేటోళ్లెవ్వరు? నా ఒక్కదాని కొరకు అందరి కథ బందువెట్టుడెందుకనుకున్న." కొంగు సర్దుకుని, "నాకు అబద్ధమేం కాదులే. విమల పెనిమిటి పుట్టినప్పటి సంది నాకు గదే రోగం. నువ్వు నవ్వు ఆపి బిగుసుకు కూసున్నప్పుడే నాకు సమజైంది" అన్నది.

ఆమె కళ్లలో అప్పటికే వేరే ఆత్రం ఉంది. "అది సరేగని, ఆ పెద్దామె వాన్ని చేసుకున్నదా, ఎల్లగొట్టిందా?"

"ఇంక గాడిదాక రాలేదవ్వా. నాకు జరమొచ్చి ఆగింది."

"అట్లనా? ఐతె నేను పోగొట్టుకున్నది కొంతనే" అని ఆమె ముఖం విప్పారింది. అంత సంతోషం చూసి నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

ఇప్పుడైనా నేను లేచి విమల దగ్గరికి పోయానని రాయాలని ఉంది. పోలేదు. డాక్టరమ్మ మూడో చెకప్‌లో, "ఆల్ రైట్, ఇంక నువ్వు మామూలు మనిషివి" అనేదాకా ఆగాను. అన్నాక కూడా ఇంకో నెల ఆగాను. పొడిగా ఉన్నానని రూఢి చేసుకున్నాక చెప్పాను. నాకేమీ ఖర్చు కాని రోజున చెప్పిన నిజం అది, గొప్పేమీ లేదు.

వర్షాలు వెళ్లాక మళ్లీ విమల ఇంట్లో చేరాం. నవల మళ్లీ వచ్చింది. రాజవ్వ లేదు. నేను పుస్తకం తెరవలేదు. "ఆ దినం చాప తడిపింది అవ్వ కాదు. నేను" అని చెప్పాను. నవ్వుల పేజీలు దాటేసిన సంగతి కూడా చెప్పాను.

విమల చింతపండు గంప పక్కకు నెట్టి నిలబడింది.

"ఆ దినమే ఒక్క మాట చెప్తే నీదేం పోతుండె అక్కా? మా అత్తను నేనేమేమన్ననో నీకు తెల్సా? పొయ్యికాడికి రానియ్యలే. కట్టెలు వెట్టే రేకుల కింద వేసిన ఆమె మంచం. చలికాలమంత ఆడనే పండుకున్నది. పిల్లలను దగ్గరికి పోనియ్యలే, వాసనొస్తదని." నా వైపు చెయ్యి చూపి, "నేను పాపం మూటగట్టుకున్న. సగం నీది" అన్నది.

సగం కాదు, అంతా నాదే అని నేనంటే ఆమె వినలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ రోజు చదువు జరగలేదు. ఆ వారమంతా జరగలేదు. ఎనిమిదోరోజు విమలే మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాకుండా, "మా అత్తను మీ డాక్టరమ్మకు చూపియ్యాలె. నువ్వు రావాలె" అన్నది. అంతకు మించి మాట్లాడలేదు. ఇప్పటికీ విమల నాతో ముందటిలాగ పరాచికాలాడదు. ఆడాలని నేను కోరను.

రిక్షాలో రాజవ్వను మధ్యలో కూర్చోబెట్టుకుని పోయాం. డాక్టరమ్మ చూసి, ఈ వయసులో కోత వద్దు, రింగ్ చాలు అన్నది. పెట్టడానికి కొద్దిసేపే పట్టింది. రాజవ్వ లేచి నాలుగడుగులు వేసింది, దగ్గి చూసింది, ఇంకోసారి గట్టిగా దగ్గింది. తర్వాత బల్ల మీద ఉన్న ఇంకో రింగ్‌ను వేలితో ముట్టి, "గింత దానికా, నేను ముప్పై తొమ్మిదేండ్లు ఊకున్నది?" అన్నది. డాక్టరమ్మ తల వంచుకుని చీటీ రాసింది. విమల కొంగు నోట్లో కుక్కుకుంది.

రాజవ్వ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి, అంటే రోకలి కాలి మీద పడిన చోటి నుంచి, మళ్లీ చదివాం. మిగతా నలుగురూ విన్నవి మళ్లీ విన్నారు, ఎవరూ విసుక్కోలేదు. నేను దాటేసిన నవ్వులన్నీ ఈసారి గొంతెత్తి చదివాను. చివరికి పెద్దామె వాణ్ని చేసుకుంది గానీ, వ్యాపారం మాత్రం తన పేరు మీదే ఉంచుకుంది. "మంచి పని చేసింది" అన్నది రాజవ్వ. రింగ్ కడిగించడానికి నెలనెలా ఆమెను నేనే తీసుకుపోతాను. ఇప్పటికి నాలుగేళ్లు. నేను బాగున్నాను. బిందె ఎత్తను, ఎత్తేవాళ్లను పిలుస్తాను. కండరం బిగబట్టే అభ్యాసం మానలేదు, అన్నం ఉడికేలోపు చేసుకుంటాను. నవ్వుతాను కూడా, కానీ నవ్విన ప్రతిసారీ ముందు నా పక్కనున్న మనిషి వైపు చూస్తాను.

ఇది చదివే అక్కచెల్లెళ్లకు నేను చెప్పదలచింది ఒక్కటే. మీకు ఇట్లా ఉంటే డాక్టరు దగ్గరికి పోతారో లేదో మీ ఇష్టం, మీరు చదువుకున్నవాళ్లు. కానీ మీ ఇంట్లో ఉన్న పెద్దామెను, అత్తయినా అమ్మయినా, ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని అడగండి. "దగ్గితే తడి అయితదా? కిందికి ఏమన్న దిగినట్టుంటదా?" అని ఈ మాటలతోనే అడగండి. నాకేం లేదు అంటుంది. అన్నాక లేచిపోకండి. ఇంకాసేపు అక్కడే కూర్చోండి.

ఈ మాట నాకు చెప్పించింది రాజవ్వే. పోయిన నెల దవాఖాన నుంచి వస్తూ, "మీ అమ్మనడిగినవా?" అన్నది. నేను అడగలేదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. ఆ ఆదివారమే నర్సంపేట పోయాను. మా అమ్మ నా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. వాకిట్లో కూర్చుని పత్తిలో చెత్త ఏరుతోంది. అడిగాను.

"ఛీ, గవేం మాటలే? నీకేమన్న మతి పోయిందా? నాకేం లేదు."

నేను లేవలేదు. నేనూ కొంత పత్తి ముందేసుకుని ఏరాను. ఆమె తల ఎత్తలేదు. ఒళ్లోది అయిపోయాక ఇంకో గుప్పెడు తీసుకుని, దాన్ని విడదీస్తూ చెప్పింది.

"నువ్వు పుట్టినప్పటి సంది."

మర్నాడు మొదటి బస్సుకే ఇద్దరం వరంగల్ వచ్చాం.